తిరుగు బోటు పంపని గోకర్ణ ట్రిప్పుపై ఫిర్యాదు

అనంతపురం,
29-01-2024.

మేనేజర్ గారికి,
ట్రావెల్స్ కార్యాలయం,
అనంతపురం.

విషయం: జనవరి 20న తిరుగు బోటు ఏర్పాటు చేయకుండా ప్రయాణికులను ప్యారడైజ్ బీచ్‌లో వదిలేయడం గురించి.

అయ్యా,

సంక్రాంతి అయిన వారం మీ గోకర్ణ ట్రిప్పుకు మా అమ్మను తీసుకొని వచ్చాను. మా సీట్లు 11, 12. మనిషికి 4,800 చొప్పున 9,600 రూపాయలు కట్టాను. అమ్మకు 64 ఏళ్ళు. కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో, చెనక్కాయ చేలలోనే ఆమె బతుకంతా గడిచింది. సముద్రం ఎన్నడూ చూడలేదు. మహాబలేశ్వర స్వామి దర్శనమూ సముద్ర స్నానమూ ఒకే ప్రయాణంలో అవుతాయని నేనే ఒప్పించి బయలుదేరదీశాను.

డబ్బు కట్టే ముందే మీ ఆఫీసులో అడిగాను. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, గుట్టలెక్కలేదు, ప్యారడైజ్ బీచ్‌కు రోడ్డు లేదంటారు కదా, ఎట్లా అని. "రాను పోను బోటేనండీ, ఒక్క అడుగు ఎక్కే పని లేదు" అన్నారు. మీ కరపత్రంలోనూ "రాను పోను బోటు" అని అచ్చువేసి ఉంది. ఆ ఒక్క మాట నమ్మి డబ్బు కట్టాను.

19వ తేదీ రాత్రి టవర్ క్లాక్ దగ్గర బస్సు ఎక్కాం. బస్సు బాగుంది. బళ్ళారి, హుబ్బళ్ళి మీదుగా తెల్లారేసరికి క్షేమంగా చేర్చారు. దర్శనం కూడా బాగా జరిగింది. వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

పదకొండు గంటలకు ఓం బీచ్‌లో బోటు ఎక్కించారు. మేం పన్నెండు మందిమి, లైఫ్ జాకెట్లు ఐదు. అమ్మకు ఒకటి ఇవ్వమని అడిగితే "కొద్దిసేపే కదా సార్" అన్నాడు మీ గైడు. ఈత రాని మనిషికి కొద్దిసేపైనా, గంటైనా నీళ్ళు నీళ్ళే. నేను తగువు పెట్టుకున్నాక, ఒక కుర్రాడు తన జాకెట్ తీసి అమ్మకు తొడిగాడు.

ప్యారడైజ్ బీచ్ నిజంగా అందమైన చోటు. అమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, దోసెడు నీళ్ళు తీసుకొని నోట్లో వేసుకొని చూసింది. "ఇన్ని నీళ్ళుండీ ఒక్క చేనుకూ పనికిరావా నాయనా" అంది. ఆ మధ్యాహ్నం ఆమె ముఖంలో చూసిన సంతోషం నేను మరువను. అందుకే ఆ తర్వాత జరిగింది నాకు ఇంత బాధగా ఉంది.

మూడు గంటలకు మీ గైడు కుర్రవాళ్ళను వెంటబెట్టుకొని గుట్ట దారిలో ట్రెక్కింగ్‌కు వెళ్ళిపోయాడు. "మీకు నాలుగింటికి బోటు వస్తుంది" అని మాకు చెప్పాడు. అమ్మా నేనూ, ఇంకో పెద్దాయన, ఆయన భార్య, మొత్తం నలుగురం మిగిలాం. నాలుగు దాటింది, ఐదయింది. గైడుకు ఫోన్ కలవలేదు, మీ ఆఫీసులో ఎత్తలేదు. వేరే వాళ్ళను ఎక్కించుకుపోతున్న ఒక బోటతను మమ్మల్ని చూసి, తనకు తెలిసిన తెలుగులో అసలు సంగతి చెప్పాడు: మా బోటుకు మీ వాళ్ళు ఇచ్చింది పోయే కిరాయి మాత్రమేనట. తిరుగు మాట ఎవరూ మాట్లాడనే లేదట. ఆయన బోటు నిండిపోయింది. అదే ఆ రోజుకు చివరి బోటు.

ఇక నడవక తప్పలేదు. ప్యారడైజ్ నుంచి హాఫ్‌మూన్ బీచ్ దాకా దారి అనడానికి దారి కాదు. ఎర్రటి కరుకు రాళ్ళు, ఒక పక్క గుట్ట, ఇంకో పక్క కింద సముద్రం. చెప్పులు జారుతున్నాయని అమ్మ వాటిని విప్పి కొంగులో కట్టుకుంది. నిలబడి దిగలేని చోట రాతి మీద కూర్చొని, అరచేతులు ఆనించి, ఒక్కొక్క జానెడే కిందికి జరిగింది. నేను ముందు నిలబడి ఆమె పాదాలను ఒక్కొక్కటిగా పట్టుకొని రాతి మీద పెట్టాను. ఆరున్నరకు పొద్దు మునిగింది. నా ఫోన్‌లో తొమ్మిది శాతం ఛార్జింగ్ ఉంది, ఆ టార్చి వెలుగులోనే నలుగురం నడిచాం. అలవాటున్నవాళ్ళు ఓం బీచ్ దాకా గంట, గంటంబావులో పోయే దారి మాకు రెండున్నర గంటలు పట్టింది. బస్సు దగ్గరికి వచ్చేసరికి అమ్మ అరచేతులు రెండూ గీరుకుపోయి నెత్తురు కారుతోంది. డ్రైవరన్న ఆమెను పట్టుకొని సీట్లో కూర్చోబెట్టి, చేతులు కడిగి, టీ తెచ్చి ఇచ్చాడు. ఆయనకు మా కృతజ్ఞతలు చెప్పండి.

హాఫ్‌మూన్ దగ్గర సోడాలు అమ్మే ఆయన ఇంకో సంగతి చెప్పాడు. ప్యారడైజ్ నుంచి బెలెకాన్ ఊరి వైపు కాలిబాట ఉందట, అటు నుంచి పోతే తొందరగా రోడ్డుకు చేరి ఆటో ఎక్కవచ్చట. ఆ ముక్క మీ గైడు ముందే చెప్పి ఉంటే అమ్మకు ఆ రాళ్ళు తప్పేవి. ఆ చోటు గురించి ఇంతమాత్రం తెలియని మనిషిని గైడుగా ఎట్లా పంపారు?

మరుసటి రోజు ఫోన్ చేస్తే మీరు "సముద్రం మా చేతిలో ఉంటుందా?" అన్నారు. ఉండదు, ఒప్పుకుంటాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలంలో అక్కడ బోట్లు ఆగిపోతాయని నాకూ తెలుసు. కానీ ఇది జనవరి. ఐదు గంటల వరకు మా కళ్ళ ముందే బోట్లు తిరిగాయి. రాకపోయింది మీరు డబ్బు కట్టని బోటు ఒక్కటే.

అమ్మ మోకాలు వాచింది. డాక్టరు మూడు వారాలు నడవొద్దన్నారు. ఖర్చు 1,350 రూపాయలు అయింది. ఆ ఖర్చూ, మా ఇద్దరి బోటు డబ్బూ తిరిగి ఇవ్వాలి. తిరుగు బోటుకు ఎవరికి ఎంత ఇచ్చారో రసీదు ఉంటే చూపించండి, లేకపోతే లేదని రాసివ్వండి. మాతో పాటు నడిచిన ఆ పెద్ద దంపతులకూ ఇదే న్యాయం చేయాలి. ఇకమీదట ఎక్కిన ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి, చివరి ప్రయాణికుడు బోటెక్కే దాకా గైడు బీచ్ వదలకూడదు. వచ్చే నెల ట్రిప్పుకు మీరు మళ్ళీ అదే కరపత్రం పంచుతున్నారు, సప్తగిరి సర్కిల్‌లో నిన్ననే నా చేతికీ ఒకటి ఇచ్చారు. అందులో "రాను పోను" అన్న మాట నిజం చేయండి, లేదా తీసేయండి.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్ళోనే కేసు వేయవచ్చు, ఐదు లక్షల లోపు విషయానికి ఫీజు కూడా లేదు. మా రసీదు, కరపత్రం, డాక్టరు బిల్లుల నకళ్ళు, అమ్మ చేతుల ఫోటోలు జతచేస్తున్నాను. దయచేసి జవాబు ఫోన్‌లో కాకుండా కాగితం మీద, మీ సంతకంతో పంపండి.

ఇట్లు,
11, 12 సీట్ల ప్రయాణికుడు.