మైదుకూరు పసుపు అని రాసిన డబ్బాల సంగతి

మన కడప కొట్టులో పసుపు క్యాప్సూల్స్ కొనేవాళ్లు ఈ మాట నా నోటి నుంచే వినాలి. పోయిన రెండు బ్యాచ్‌ల డబ్బాల మీద 'మైదుకూరు పసుపుతో' అని ఉంది. లోపల ఉన్నది మైదుకూరు పసుపు కాదు.

పేరు మాత్రమే మనదని, తయారీ హైదరాబాద్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో అని మీలో చాలామందికి తెలుసు. ఈ వ్యాపారంలో దాన్ని థర్డ్ పార్టీ అంటారు. ఒకే ఫార్ములా పదిమంది పేర్లతో బయటికొస్తుంది. డబ్బా రంగు వేరు, ధర వేరు, అంతే. మొదటి ఏడాది నేనూ అదే అమ్మాను. తర్వాత సిగ్గేసింది. పసుపులో మైదుకూరు రకానికి ఎంత పేరుందో మీకు తెలియనిది కాదు. అది ఇంటి పక్కన పెట్టుకుని, ఎక్కడి పొడో తెచ్చి అమ్ముకోవడమేంటి? కొమ్ములు నేనే ఏరి కొని, నాలుగు బస్తాలు ఫ్యాక్టరీకి పంపాను. దాన్ని బట్టే ధర పెంచాను.

పోయిన నెల ఒక పాత కస్టమర్ రెండు డబ్బాలు తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. ఒకటి మనది, ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నది. "రెండూ ఒకటే కదన్నా, నీదానికి 180 ఎక్కువ ఎందుకు?" అన్నారు. తిప్పి చూస్తే తయారీ చిరునామా ఒకటే. పదార్థాలు కూడా మిల్లీగ్రాములతో సహా ఒకటే. చిరునామా ఒకటైతే సరుకు ఒకటవుతుందా అని ఆయన మీద అరిచాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి రోజే బస్సెక్కి, చెప్పకుండా ఫ్యాక్టరీకి పోయాను. గోడౌన్‌లో నా నాలుగు బస్తాలూ ఉన్నాయి. ఎర్ర దారంతో నేను కుట్టిన మూతులు కుట్టినట్టే ఉన్నాయి. "మీ ఒక్కరి కోసం మిషన్ కడిగి వేరేగా పొడి పట్టడం గిట్టదు సార్, పసుపు పసుపే కదా" అన్నాడు అక్కడి మేనేజర్. పొడి పట్టినందుకు చార్జీ మాత్రం రెండు బిల్లుల్లోనూ వేశాడు!

వాడినవాళ్లు టెన్షన్ పడొద్దు. ల్యాబ్‌లను పరిశీలించి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో రెండు బ్యాచ్‌లూ పరీక్ష చేయించాను. పసుపుకు రంగునిచ్చే ముఖ్య పదార్థం కర్క్యుమిన్ లేబుల్ మీద రాసినంతే ఉంది, సీసం పరిమితి దాటలేదు, పసుపులో కల్తీకి కలిపే మెటానిల్ ఎల్లో రంగు లేదు. రిపోర్టులు కౌంటర్ దగ్గర అంటించాను.

నన్ను నమిలేసింది మిగిలిన 312 డబ్బాలు. సరుకు మంచిదే కదా, మైదుకూరు అన్న మాట మీద స్టిక్కర్ వేసి 180 తగ్గించి అమ్మమంది మా ఆవిడ. న్యాయమైన మాటే. మూడు రోజులు ఆలోచించి 20 డబ్బాలకు స్టిక్కర్లు కూడా అంటించాను. తీరా చూస్తే, ఆ డబ్బా పట్టుకున్న ప్రతివాడూ కింద ఏముందోనని గోరుతో గీకుతాడనిపించింది. ఫ్యాక్టరీవాళ్లు వచ్చే ఆర్డర్లో తగ్గిస్తామన్నారు. వాళ్లకిక వచ్చే ఆర్డర్ లేదన్నాను. అట్టపెట్టెలు మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి. మొండితనం అంటే అననీ.

పేరు మార్చెయ్యమన్నారు ఇంకొందరు. మార్చను. కొత్త లేబుల్ గీసే అబ్బాయి 'షుగర్‌కు, మోకాళ్ల నొప్పులకు' అని రాద్దామన్నాడు. జబ్బు నయం చేస్తుందని సప్లిమెంట్ మీద రాయడానికి చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. మిరియాల సారం కలిపితే కర్క్యుమిన్ ఒంట్లోకి బాగా ఇంకుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. ఇప్పుడు అందరి డబ్బాల మీదా అదే, కాబట్టి అదీ గొప్ప కాదు. పెద్దక్షరాలతో '500 మి.గ్రా. పసుపు' అని రాస్తారు చూడండి, ఉత్త పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే, అంటే 15 మిల్లీగ్రాములు. అదే పసుపు నుంచి తీసిన, 95 శాతం కర్క్యుమిన్ ఉన్న ఎక్స్‌ట్రాక్ట్ అయితే 475. ఇకమీద మన డబ్బా ముందువైపే ఒక్కో క్యాప్సూల్‌లో కర్క్యుమిన్ ఎంతో తెలుగులో ఉంటుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌ను అడగాలని కూడా ఉంటుంది.

బస్తాలు వెనక్కి తెచ్చాను. పొడి ఇక్కడే, నా కళ్ల ముందే పట్టిస్తాను. నింపేటప్పుడు నన్ను పక్కన నిలబడనిచ్చే ఫ్యాక్టరీ దొరికేదాకా క్యాప్సూల్స్ ఉండవు. ఆ రెండు బ్యాచ్‌ల డబ్బా ఖాళీదైనా తెండి, బిల్లు లేకపోయినా పూర్తి డబ్బు ఇస్తాను.

రెండు డబ్బాలు తెచ్చి చూపించిన అన్నా, ఆ రోజు నుంచి మీరు కొట్టుకు రాలేదు. నాదే తప్పు. మీ డబ్బులు కవర్లో పెట్టి కౌంటర్‌లోనే ఉంచాను, ఒకసారి రండి.