వార్షిక నివేదిక 2024-25: పెద్దల్లో మానసిక ఆరోగ్య అవగాహన సర్వే

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన మీ అందరికీ నమస్కారములు.

కంటి వైద్య శిబిరం, నోటు పుస్తకాల పంపిణీ ఏటా జరిగే విధంగానే జరిగాయి. ఈ ఏడాది మన సంఘం గర్వించదగిన పని మాత్రం రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల్లో పెద్దలకు మానసిక ఆరోగ్యంపై ఎంత అవగాహన ఉందో తెలుసుకునేందుకు ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే.

ఇది ఎవరికి జబ్బు ఉందో తేల్చే సర్వే కాదు. జబ్బును గుర్తుపట్టగలరా, వైద్యం ఎక్కడ దొరుకుతుందో తెలుసా, జబ్బుపడిన మనిషిని ఎలా చూస్తారు అన్నవే ఇందులో కొలిచాము. ఇలాంటి అవగాహనను కొలిచేందుకు ఓకానర్, కేసీ అనే పరిశోధకులు 2015లో రూపొందించిన 35 ప్రశ్నల కొలమానానికి 35 నుంచి 160 వరకు మార్కులుంటాయి. కానీ అందులో మొదటి ప్రశ్నలన్నీ జబ్బుల పేర్లతో ముడిపడినవి. ఆ పేర్లు తెలియనివారు జవాబు చెప్పలేరు కనుక, 1997లో ఆస్ట్రేలియాలో పరిశోధకుడు ఆంథొనీ జోర్మ్ బృందం అనుసరించినట్లు, ఒక మనిషి పరిస్థితిని కథగా చెప్పి అడిగే పద్ధతిని ఎంచుకున్నాము. తెల్లమచ్చ తెగులుతో రొయ్యల చెరువు పోయిన రైతు వారాల తరబడి నిద్రపోవడం లేదు, అన్నం ముట్టడం లేదు, చెరువు గట్టు ఎక్కడం లేదు. ఇతనికి ఏమైంది, ఎవరి దగ్గరకు తీసుకెళ్లాలి అని అడిగాము.

"పంట పోయినోడు దిగులు పడక ఏం చేస్తాడండీ" అన్నదే ఎక్కువగా వినిపించిన జవాబు. గాలి సోకిందన్నవారూ, అంతర్వేది తీసుకెళ్లి మొక్కు తీర్చమన్నవారూ ఉన్నారు. ఇలాంటి వ్యక్తి పక్కింట్లో ఉంటే అభ్యంతరం లేదని, కలిసి పనిచేస్తామని వెంటనే చెప్పినవారే, ఆ ఇంటితో వియ్యమందుతారా అనగానే మాట మార్చారు. ఈ ఒక్క ప్రశ్న చూపినంత నిజం మిగతావి చూపలేదని నా అభిప్రాయం. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో ఆయా మానసిక రుగ్మతలున్నవారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలడానికి కారణం వైద్యుల కొరత ఒక్కటే కాదని ఈ జవాబులు వింటే అర్థమవుతుంది.

అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం సందర్భంగా జరిపిన సభలో ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలి మానస్ ఉచిత నంబరు 14416ను అందరిచేతా ఫోన్లలో ఎక్కించాము. తలుపు తీయని ఇళ్ల ముందు ఓపికగా నిలబడిన ఆశా కార్యకర్తలకు, సభకు కల్యాణ మండపం ఇచ్చిన దాతలకు, కథను కోనసీమ మాటల్లో సరిచేసిన విశ్రాంత ఉపాధ్యాయులకు కృతజ్ఞతలు.

పేర్లు ఇచ్చిన వాలంటీర్లలో సగానికి సగం సంక్రాంతి తరువాత కనిపించలేదు. వారి వీధులను కూడా మిగిలినవారే తిరిగారు. మానసిక వైద్యుని శిబిరం కోసం మనం పెట్టుకున్న అర్జీకి సంబంధిత కార్యాలయం నుంచి జవాబే రాలేదు. ఇది బాధాకరం.

జమాఖర్చుల పట్టిక, గ్రామాల వారీ జవాబుల పట్టిక జతపరిచాము, ఆమోదించ ప్రార్థన. అవే ఇళ్లలో అదే కథతో వచ్చే ఏడాది మళ్లీ అడిగితేనే మార్పు వచ్చిందీ లేనిదీ తెలుస్తుంది కనుక, చివరి వరకు తిరగగలిగినవారు మాత్రమే ఈ రోజు కోశాధికారి వద్ద పేర్లు నమోదు చేసుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి