స్టాకు ఫైలులో ఒక్క వరుస తప్పితే ఇకపై ఏమవుతుంది

ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల మేత దుకాణాలవారూ, అటు సింగరాయకొండవారూ మమ్మల్ని తరచుగా అడిగేది ఒక్కటే: కంపెనీ పంపిన ఎక్సెల్ ఫైలును మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎక్కడో ఒక వరుసలో గడువు తేదీ తప్పుగా పడితే, సక్రమంగా ఉన్న మిగతా ఇన్వాయిస్‌లన్నీ ఎందుకు వెనక్కి పోతున్నాయని. రాబోయే వెర్షన్‌లో ఇది మారుతోంది, అయితే తప్పున్న వరుసను మాత్రమే వదిలేసి మిగతావన్నీ నమోదు చేయమని మీలో కొందరు కోరినంతగా మాత్రం కాదు.

ప్రస్తుతం ఫైలు మొత్తాన్ని ఒకే ట్రాన్సాక్షన్‌గా, అంటే అన్నీ కలిసి నిలిచే లేదా కలిసి రద్దయ్యే పనుల కట్టగా నడుపుతున్నాం కనుక, చివర కమిట్ (ఖాయం చేసే ఆదేశం) అయ్యేవరకు ఏ పద్దూ ఖాయం కాదు. మేము వాడే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసు, మధ్యలో ఒక్క ఆదేశం విఫలమైనా, తర్వాత వచ్చేవి ఎంత సరైనవైనా స్వీకరించదు. మొత్తం రద్దు చేసుకుని మళ్లీ మొదలుపెట్టమంటుంది. ప్రోబయోటిక్ డబ్బా గడువు ‘31-02-2026’ అని ఉంటే, అంతకుముందు నమోదైన మేత బస్తాలు కూడా పోయేది ఇందుకే. దీనికి విరుగుడు సేవ్‌పాయింట్. పని మధ్యలో ఒక గుర్తు పెట్టుకుంటే, తర్వాత తప్పు దొర్లినప్పుడు ‘రోల్‌బ్యాక్ టు సేవ్‌పాయింట్’ ఆదేశంతో ఆ గుర్తు వరకే వెనక్కి రావచ్చు. అంతకు ముందు చేసింది చెక్కుచెదరదు, ట్రాన్సాక్షన్ కూడా ముగిసిపోదు. 2005లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచీ ఉన్న సదుపాయమే ఇది, కొత్త విద్యేమీ కాదు.

ఆ గుర్తు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే మీలో కొందరితో మేము ఏకీభవించలేదు. ప్రతి వరుసకూ ఒకటి పెడితే, ఇన్వాయిస్‌లో ఒక సరుకు జారిపోయి మిగతావి నమోదవుతాయి; కంపెనీకి చెల్లించాల్సిన మొత్తానికీ గోడౌన్‌లోని బస్తాలకూ పొంతన ఉండదు; ఆ తేడా, రొయ్యల పట్టుబడి అయ్యాక లెక్కలు చూసుకునేనాటికి గానీ బయటపడదు. సాంకేతికంగానూ చిక్కుంది. ఒకే ట్రాన్సాక్షన్‌లో సేవ్‌పాయింట్ల వల్ల మొదలయ్యే ఉప ట్రాన్సాక్షన్లు 64 దాటితే, పోస్ట్‌గ్రెస్ వాటిని దగ్గర పెట్టుకునే చిన్న జాబితా నిండిపోయి, రద్దీ వేళల్లో అందరి పనీ మందగించవచ్చు. సేవ్‌పాయింట్‌ను రిలీజ్ చేసినంత (ఆ గుర్తును తీసేసినంత) మాత్రాన ఆ లెక్క తగ్గదు. అందువల్ల ఇన్వాయిస్‌కు ఒక సేవ్‌పాయింట్ చొప్పున పెట్టి, పెద్ద ఫైళ్లను 50 ఇన్వాయిస్‌లకొక ట్రాన్సాక్షన్‌గా విడగొడుతున్నాం. తప్పున్న ఇన్వాయిస్ పూర్తిగా ఆగుతుంది, ఏ వరుస వల్ల ఆగిందో తెర మీద కనిపిస్తుంది.

మీరు రైతుకు కొట్టే బిల్లులో మాత్రం సగం రద్దు ఉండదు. బిల్లు, స్టాకు తగ్గింపు, రైతు అప్పు ఖాతాలో పద్దు మూడూ కలిసి నిలవాలి, లేదా కలిసి పోవాలి. బిల్లు సంఖ్య సంగతీ ఇంతే: జీఎస్టీ 46వ నిబంధన ప్రకారం సంఖ్యలు వరుసగా ఉండాలి, కానీ డేటాబేసు సీక్వెన్స్ (వరుస సంఖ్యలు ఇచ్చే సాధనం) నుంచి తీసిన సంఖ్య రోల్‌బ్యాక్ చేసినా తిరిగి రాదు, మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఆడిటరుకు సంజాయిషీ చెప్పుకోవలసింది మీరు కదా! అందుకే ఆ సంఖ్యను విడి పట్టికలో ఉంచి, బిల్లుతో పాటే పెంచుతున్నాం. రెండు కౌంటర్లలో ఒకేసారి బిల్లు కొడితే రెండోది ఒక్క క్షణం ఆగుతుంది, అది తప్పదు. రైతు ఫోనుకు చేరిన సందేశాన్ని ఏ రోల్‌బ్యాకూ వెనక్కి తేలేదు కాబట్టి, దాన్ని కమిట్ తర్వాతే పంపుతాం.

ఆగిన ఇన్వాయిస్‌ను సరిదిద్దాక అదే ఫైలును మళ్లీ ఎక్కించవచ్చు; ముందే నమోదైనవాటిని కంపెనీ పేరు, ఇన్వాయిస్ సంఖ్యలను బట్టి సాఫ్ట్‌వేర్ గుర్తించి వదిలేస్తుంది కాబట్టి స్టాకు రెండుసార్లు పెరగదు.