జూన్‌లో మూస్‌ని చూడబోతున్న శీనుకి

మారతహళ్లి, బెంగళూరు

ఒరేయ్ శీనూ,

అందరూ కలిసి జూన్‌లో న్యూ హాంప్‌షైర్ వెళ్తున్నామని నువ్వు చెప్పినప్పటి నుంచీ నాకు అదే ధ్యాస. ఫోన్లో సగమే చెప్పగలిగాను. ఇవాళ బయట వాన, కరెంటు పోయింది, అందుకని రాస్తున్నాను.

బోస్టన్‌లో ఉన్న రెండేళ్లలో నేను మూస్‌ని, అదే జింక జాతిలో అన్నిటికన్నా పెద్ద జంతువుని, మూడుసార్లు చూశాను. మొదటిసారి న్యూ హాంప్‌షైర్‌లోనే ఉన్న పిట్స్‌బర్గ్ అనే ఊరు దాటాక, కెనడా సరిహద్దు వైపు వెళ్లే రూట్ 3 మీద. చలికాలంలో రోడ్డు మీద చల్లిన ఉప్పు పక్కనున్న గుంటల్లోకి చేరుతుంది, ఆ ఉప్పునీళ్ల కోసం వస్తాయవి. తెల్లవారుజామున గానీ, పొద్దు గూకే వేళ గానీ వెళ్లు. పక్క రాష్ట్రం మెయిన్ దాకా వెళ్లగలిగితే బాక్స్‌టర్ స్టేట్ పార్కులో శాండీ స్ట్రీమ్ చెరువు వదలకు. అక్కడ మూస్ నీళ్లలో దిగి, తల ముంచి మొక్కలు మేస్తుంది. తల పైకెత్తితే మూతి నుంచి నీళ్లు ధారలు కడతాయి. నేను ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయాను. మగదైతే భుజం దగ్గరే 6 అడుగులు! టామీని మాత్రం తీసుకెళ్లకు. ఆ పార్కులోకి కుక్కల్ని రానివ్వరు, పైగా మూస్‌కి కుక్కంటే తోడేలు వచ్చినట్టే.

బండీపూర్‌లో ఏనుగు చెవులు విప్పి నిలబడగానే డ్రైవర్ జీపు వెనక్కి తీశాడు, గుర్తుందా? మూస్ అంత హడావుడి చెయ్యదు. ఆవులా నింపాదిగా మేస్తుంటుంది, అందుకే జనం ఫోటో కోసం దగ్గరికి పోతారు. జూన్‌లో తల్లుల వెంట పసిపిల్లలుంటాయి. తల్లికీ పిల్లకీ మధ్యలోకి పొరపాటున కూడా వెళ్లకు. మేత ఆపి నీ వైపే చూస్తోందంటే అప్పటికే నువ్వు దగ్గరికి వచ్చేసినట్టు. చెవులు వెనక్కి వాల్చినా, మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా ఇక ఆగొద్దు. ఎలుగుబంటి ముందు పరుగెత్తకూడదు గానీ, ఇది మీదికొస్తే పరుగెత్తాలి. లావుపాటి చెట్టు చాటుకి పో. కింద పడితే ముడుచుకుని తల కాపాడుకో, అది దూరం పోయేదాకా లేవకు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ నీ రాత్రి డ్రైవింగ్ గురించే. మూస్ ఒళ్లు చీకట్లో కలిసిపోతుంది. ఎత్తు వల్ల కళ్లు హెడ్‌లైట్ వెలుగుకి పైనుంటాయి, జింక కళ్లలా మెరవవు. కారు పొడవాటి కాళ్లకి తగిలితే వందల కిలోల ఒళ్లు ముందద్దం మీద పడుతుంది. ఒక రాత్రి మా ముందే రోడ్డు దాటింది. మెల్లగా వస్తున్నాం కాబట్టి ఆగగలిగాం. చీకటి పడ్డాక స్పీడు తగ్గించు రా, ఎవరు హారన్ కొట్టినా సరే. అసలు చీకటి పడేలోపే బసకి చేరితే ఇంకా మంచిది.

చెల్లెమ్మకీ బుజ్జిదానికీ ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు పెట్టుకోమను, ఆ నెలలో నల్ల ఈగలు తెగ కుడతాయి. నా పాత బైనాక్యులర్ నీ దగ్గరే ఉందిగా, దాన్ని మర్చిపోకు. కనిపించిన రోజే ఫోన్ చెయ్యి, ఇక్కడ ఎంత రాత్రయినా ఎత్తుతాను.

నీ
రాజు