క్లౌడ్ పెట్టెలపై అప్‌డేట్ల గడువునూ ముద్రించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంట్లోనో ఆఫీసులోనో ఉన్న రూటర్‌కు తగిలించి, అందులో దాచిన ఫైళ్లను ఏ ఊరి నుంచైనా ఫోన్‌లో తెరుచుకునే వీలున్న ‘పర్సనల్ క్లౌడ్’ పెట్టెలు విజయవాడలో ఇప్పుడు సులువుగానే దొరుకుతున్నాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిలు, డ్రైవ్, ఫోటోలు అన్నీ ఇమడాలి. ఫోటోలకు ఒకప్పుడు ఉన్న అపరిమిత వెసులుబాటు 2021 జూన్ 1తో ముగిసింది. అంతకు మించిన చోటుకు నెలనెలా అద్దె కట్టే బదులు ఒక్కసారి డబ్బు పెట్టి సొంత డిస్కు కొనుక్కుందామని చాలామంది అనుకోవడం సహజమే. గవర్నర్‌పేటలో పుస్తకాల పేజీలు కంప్యూటర్‌లో కూర్చే చిన్న డీటీపీ కేంద్రం నడుపుతున్న నేనూ ఆ ఉద్దేశంతోనే ఒకటి తీసుకుని కొంతకాలంగా వాడుతున్నాను. దుండగులు చొరబడకుండా తయారీ సంస్థ పంపే భద్రతా అప్‌డేట్లు ఆ పెట్టెకు ఎప్పటిదాకా వస్తాయన్నది కొనేటప్పుడు దుకాణంలో ఎవరూ చెప్పరు. ఈ ముఖ్య విషయాన్ని మీ పత్రిక ద్వారా పాఠకుల, అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా పనికి ఆ పెట్టె బాగానే అక్కరకు వచ్చింది. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటిన ఫైలు జతచేయడం కుదరదు. బొమ్మలున్న పుస్తకం పేజీలు అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. గుంటూరు బ్రాడీపేటలో ఉండే రచయితకు ప్రూఫులు చూపించాలంటే ఇదివరకు ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బస్సెక్కవలసి వచ్చేది. ఇప్పుడు ఆ పుస్తకం ఫోల్డర్‌కు లింకు తయారుచేసి, పాస్‌వర్డ్ పెట్టి, ఫలానా తేదీ తర్వాత తెరుచుకోకుండా గడువు కూడా విధించి పంపుతున్నాం. ఆయన దిద్దిన ఫైలును తిరిగి అందులోనే వేస్తున్నారు. పాత పుస్తకాల ఫైళ్లు కూడా అక్కడే ఉన్నందువల్ల పునర్ముద్రణల వేళ వెతుకులాట తప్పింది.

అయితే వేగం విషయంలో కొనేవారు ముందే ఒక లెక్క వేసుకోవాలి. అవతలివారికి డౌన్‌లోడ్ అయ్యే ప్రతి ఫైలూ మన వైపు నుంచి అప్‌లోడ్ కావలసిందే. మన కనెక్షన్ అప్‌లోడ్ వేగం సెకనుకు 10 మెగాబిట్లు ఉంటే 1 జీబీ ఫైలు వెళ్లడానికి పదమూడు నిమిషాలకు పైగా పడుతుంది. పెళ్లి వీడియోలు పంపే స్టూడియో వారు ఈ లెక్క చూసుకోకుండా కొంటే నిరాశ తప్పదు.

ఇంతకన్నా ముఖ్యమైనది, ఆ పెట్టెను బయటి ఫోను ఎలా చేరుకుంటుందన్నది. ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబర్లయిన ఐపీ అడ్రసులు పాత పద్ధతిలో ప్రపంచం మొత్తానికి కలిపి సుమారు 430 కోట్లే కావడంతో, అవి చాలక అనేక ఇంటర్నెట్ సంస్థలు ఎన్నో ఇళ్లను ఒకే అడ్రసు వెనుక ఉంచుతున్నాయి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వచ్చినవారికి ఫ్లాటు నంబరు తెలియనట్టే, బయటి ఫోను అలాంటి చోట మన పెట్టె దగ్గరికి నేరుగా రాలేదు. తయారీ సంస్థ సర్వర్ మధ్యలో నిలబడి ఇద్దరినీ కలపాలి. అంటే డిస్కు మనదే, దానికి దారి మాత్రం వారిది. ఇలాంటి పెట్టెలు తయారుచేసే వెస్టర్న్ డిజిటల్ సంస్థ నెట్‌వర్క్‌లోకి 2023 మార్చిలో చొరబాటు జరిగిన దరిమిలా, ఏప్రిల్‌లో దాని ‘మై క్లౌడ్’ సేవలు వారానికి పైగా నిలిచిపోయి, ఎందరో తమ ఇంట్లోనే ఉన్న డిస్కును బయటి నుంచి తెరవలేకపోయారు. అంతకు ముందు 2021 జూన్‌లో అదే సంస్థ పాత ‘మై బుక్ లైవ్’ పెట్టెల్లోని ఫైళ్లను దుండగులు ఇంటర్నెట్ ద్వారానే తుడిచిపెట్టారు. వాటికి చివరి అప్‌డేట్ వచ్చింది 2015లో. డిస్కు తిరుగుతూనే ఉంది కదా అని వాడుకుంటున్నవారికి దాని రక్షణ ఆరేళ్ల కిందటే ఆగిపోయిందన్న సంగతి పెట్టె చూస్తే తెలిసేది కాదు.

నేను కొన్న పెట్టె అట్టమీద గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, ఫిర్యాదులకు ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారన్నది ఎక్కడా లేదు. దుకాణదారుడిని అడిగితే వారంటీ కార్డు చూపించారు. వారంటీ డిస్కు చెడిపోవడానికి సంబంధించినది, అప్‌డేట్ల సంగతి వేరు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, ఇంటర్నెట్‌కు తగిలించే ఇలాంటి గృహ వస్తువుల తయారీదారులు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు ఇస్తారో వెల్లడించి తీరాలి. వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కును మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇప్పటికే గుర్తించింది. ప్యాకెట్ల మీద ఏమేమి ముద్రించాలో చెప్పే తూనికలు కొలతల నిబంధనల్లో ఈ గడువునూ చేర్చడం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు అంత కష్టమైన పని కాదని నా అభిప్రాయం. బయటి నుంచి వాడుకోవడానికి సంస్థ సర్వర్ తప్పనిసరా కాదా అన్నది కూడా ఆ పక్కనే ఒక వాక్యంలో రాయించాలి.

ఇప్పటికే కొన్నవారు అప్‌డేట్లు ఆగిపోయిన పెట్టెకు బయటి నుంచి చేరే సౌకర్యాన్ని సెట్టింగుల్లో ఆపివేసి, ఇంటి వరకే వాడుకోవడం మేలు. ప్రతి ఫైలునూ రెండు డిస్కుల్లో దాచే పెట్టె కొన్నాం కాబట్టి నిశ్చింత అనుకునేవారు 2024 సెప్టెంబరు బుడమేరు వరదను గుర్తు చేసుకోవాలి. సింగ్ నగర్‌లో నీళ్లు చొచ్చిన ఇళ్లలో రెండు డిస్కులున్నా ఒకే పెట్టెలో ఉంటే రెండూ మునిగేవే. పొరపాటున చెరిపిన ఫైలు కూడా జంట డిస్కులు రెండింటిలోంచీ ఒకేసారి పోతుంది. అందుకని మా కేంద్రం ఫైళ్లకు మరో నకలును విడి హార్డ్ డిస్కులో వేసి గుంటూరులోని మా చెల్లెలి ఇంట్లో ఉంచుతున్నాం. ఆ విడి డిస్కు ఖర్చునూ మొదటి రోజే లెక్కలో వేసుకోవలసిందిగా కొనదలచినవారికి నా మనవి.

ఇట్లు,
ఒక డీటీపీ కేంద్రం నిర్వాహకుడు,
గవర్నర్‌పేట, విజయవాడ