కొడుక్కి ఇల్లు రాసిచ్చిన తండ్రి ఆర్డీఓ గారికి రాసిన బహిరంగ లేఖ

గౌరవనీయులైన రెవెన్యూ డివిజనల్ అధికారి గారికి నమస్కారాలు.

నేను రిటైర్డ్ బస్ కండక్టర్ని. వయసు 72. నా పీఎఫ్ డబ్బు, నా భార్య చీటీలు కట్టి కూడబెట్టిన సొమ్ము కలిపి రెండు గదుల డాబా వేసుకున్నాం. దాన్ని మా అబ్బాయికి గిఫ్ట్ డీడ్ రాసిచ్చాను. కడదాకా మమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉంది. ఆ ఒక్క వాక్యం రాయించమని పట్టుబట్టింది నా భార్యే. ఇప్పుడు మా మంచం మెట్ల కింద ఉంది. ఆమె బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటోంది.

షరతు తప్పితే బదిలీని రద్దు చేసే అధికారం 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ మీ ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. భరణం అర్జీని నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలనీ అదే చట్టం చెబుతోంది. మేము పెట్టిన అర్జీ మీద మా అబ్బాయికి నోటీసు అంది ఏడు నెలలైంది. మూడు వాయిదాలూ "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అన్న మాటతోనే ముగిశాయి. రెండుసార్లు రిజిస్టర్డ్ పోస్టులో రాశాను, జవాబు లేదు.

కొడుక్కి ఇవ్వడం తప్పని నేననను. బతికుండగానే అంతా ఇచ్చేయడం మాత్రం నా తొందరపాటే.

ఈ నెలాఖరులోగా మా అర్జీ విచారించి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. అప్పటిదాకా మధ్యంతర భరణం ఇప్పించండి.

ఇట్లు,
ఒక అర్జీదారు