వాన కబురు నాలుగు రోజుల ముందే వచ్చింది, సంచులు ఆరో రోజు వచ్చాయి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నేను మీకు రాస్తున్న నాలుగో కాగితం. మొదటి మూడూ మా ధాన్యం కొనుగోలు గురించి, దానికి కావలసిన గోనె సంచుల గురించి అర్జీలు, సోమవారం గ్రీవెన్స్‌లో వరసలో నిలబడి ఇచ్చినవి. మూడింటికీ రసీదులున్నాయి. "మీ సమస్య పరిష్కరించబడినది" అని మూడింటికీ ఫోన్‌కి మెసేజీలు కూడా వచ్చాయి. పరిష్కారమైన సంగతి నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది. అందుకే ఈసారి వరసలో నిలబడకుండా, నలుగురూ చదివేలా రాస్తున్నాను. మరోలా అనుకోవద్దు.

ఇవాళ పొద్దున వాతావరణం కబురు విన్నాను. ఆగ్నేయ బంగాళాఖాతం, దాన్ని ఆనుకుని ఉన్న దక్షిణ అండమాన్ సముద్రం మీద ఉపరితల ఆవర్తనం, అంటే గాలి సుడి, సముద్ర మట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు. దాని ప్రభావంతో అల్పపీడనం. అది పశ్చిమ వాయవ్య దిశగా కదులుతూ బలపడే అవకాశం. నాలుగో రోజు నుంచి కోస్తాలో తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు, ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు. నవంబరు ఆఖర్లో ఈ మాటలు మా డెల్టాలో బడిపిల్లలకి కూడా నోటికొచ్చు. 5.8 కిలోమీటర్ల ఎత్తున ఏం జరుగుతోందో మాకు తెలుస్తోంది సార్. నేల మీద, మా కళ్లంలో ఏం జరుగుతోందో మీకు తెలుస్తోందా అన్నదే నా అనుమానం.

వాతావరణం వాళ్లని నేనేమీ అనడం లేదు. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచిన సంగతి చెప్పినప్పుడల్లా మా నాన్న "మాకెవరూ చెప్పలేదురా" అనేవాడు. ఇప్పుడు ఆ మాట అనడానికి లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినా, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా వచ్చినా, రోజుల ముందే ఊరూరా తెలుసు. వాళ్ల పని వాళ్లు చేశారు. నాలుగు రోజుల టైము తెచ్చి మన చేతుల్లో పెట్టారు. ఆ నాలుగు రోజుల్ని ఎవరు తినేశారన్నదే నా గొడవ.

2024లో జరిగింది చెబుతాను. ఇవే రోజులు. ఫెంగల్ తుపాను నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఎక్కడి పుదుచ్చేరి, ఎక్కడి మా ఊరు! మాకు ఎరుపు లేదు, నారింజ లేదు. పసుపు రంగు హెచ్చరిక ఒక్కటే. పసుపు అంటే గమనిస్తూ ఉండండి అని అర్థమట. అందరూ చక్కగా గమనించారు.

నేను కౌలు రైతుని, మూడెకరాలు. వాన నాలుగు రోజుల్లో ఉందని తెలిసి అందరిలాగే పరిగెత్తి మిషన్ పెట్టి కోయించాను. అందరూ ఒకేసారి పరిగెడితే మిషన్ గంట రేటు ఎక్కడికి పోతుందో మీకు చెప్పక్కర్లేదు. చేలోంచి వచ్చేసరికి గింజలో తేమ 22 శాతం. మీరు కొనేది తేమ 17 దాటకపోతేనే. కాలవ గట్టు మీద బరకాలు పరిచి ఆరబోశాం. వాట్సాప్‌లో హాయ్ అని పెడితే ధాన్యం అమ్ముకోవడానికి స్లాట్ వస్తుందన్నారు కదా, పెట్టాను. వచ్చింది. ఆ హాయ్ వరకూ అంతా బాగానే ఉంది.

రెండో రోజు మధ్యాహ్నం దాకా ఎండ కాసింది. నేనూ మా ఆవిడా గంటకోసారి కాళ్లతో తిరగేశాం. తేమ 18కి దిగింది. సంచుల కోసం ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్తే మిల్లు నుంచి రావాలన్నారు. మిల్లుకి వెళ్తే కొనుగోలు కేంద్రం నుంచి ఇండెంట్, అంటే సంచులు కావాలన్న కాగితం, రావాలన్నారు. రెండూ తిరిగొచ్చేసరికి పొద్దు గూకింది.

మూడో రోజు మబ్బు. అయినా గాలి ఉంది. సాయంత్రం నాలుగింటికి తేమ మిషన్‌లో గింజలు పోస్తే 16.8 చూపించింది. మంత్రి గారూ, ఆ అంకె చూసి మా ఆవిడ నవ్వింది. సీజన్ మొత్తంలో ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ రాత్రికి సంచులొచ్చి ఉంటే తెల్లారేసరికి ధాన్యం లారీ ఎక్కేది. నాకు కావలసినవి 160 సంచులు. వచ్చినవి 40, అందులో సగం చిరుగులు. బస్తాలు ఎత్తే ముఠా వాళ్లు ఈ నలభైకి మేం రావడమేంటని వెళ్లిపోయారు. వాళ్ల తప్పేం లేదు.

నాలుగో రోజు తెల్లవారుజామున పడింది. అదేమీ కుంభవృష్టి కాదు. సన్న తుంపర, ఆగి ఆగి రెండు రోజులు. బరకాలు కప్పాం. పైనుంచి తడవలేదు, కిందనుంచి తడిసింది. కప్పితే ఆవిరి, తీస్తే తుంపర. అయిదో రోజు తేమ 21. అనూరాధ కార్తెలో అనాథ కర్రయినా ఈనుతుందని మా నాన్న అంటుండేవాడు. కర్ర సంగతేమో గానీ నా రాసి అడుగున వేలు పెడితే వెచ్చగా తగిలింది, తీసి చూస్తే తెల్లగా మొలకలు.

సంచులు ఆరో రోజు వచ్చాయి. 160 వచ్చాయి. కొత్తవి, పొడిగా ఉన్నాయి.

ఆ తర్వాత ఒక అధికారి వచ్చారు, ఫొటో తీసుకున్నారు. "ముందే హెచ్చరించాం కదండీ, ఎందుకు కోశారు?" అన్నారు. ఆ మాట నాకింకా లోపల గుచ్చుకుంటూనే ఉంది. కొయ్యకపోతే ఏమవుతుందో ఆయనకి తెలియదా? పండిన చేను గాలికి పడిపోతే నీళ్లలో వెన్ను మీదే మొలుస్తుంది. అప్పుడు వచ్చి "ముందే హెచ్చరించాం కదండీ, ఎందుకు కొయ్యలేదు?" అంటారు. హెచ్చరిక అంటే మాకు జాగ్రత్త చెప్పడం అనుకున్నాం. మీ వాళ్లకి అది చేతులు కడుక్కునే నీళ్లు అయింది.

మొలకలు రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లమన్నారు. మంచి సలహానే, పనిచేస్తుంది కూడా. ఉప్పు మేం కొనుక్కోగలం సార్. లారీ కొనుక్కోలేం.

"తడిసిన ధాన్యాన్ని చివరి గింజ వరకూ కొంటాం" అన్నారు. ప్రతి ఏడాదీ అంటారు, ఎవరున్నా అంటారు. మాకు మొదటి గింజ దగ్గరే ఆగిపోయింది. రంగు మారిందన్నారు, తేమ ఉందన్నారు. మద్దతు ధర క్వింటాలు 2300 ఉన్న ఆ ఏడాది నేను బయట ఎంతకి అమ్ముకున్నానో చెప్పడానికి సిగ్గేస్తోంది. కౌలు బస్తాలు మాత్రం తడవలేదు. లెక్క ప్రకారం కొలిచి ఇచ్చుకున్నాను.

ఇంకొక సంగతి. మీ సమీక్షల్లో "మోస్తరు వర్షమే, పెద్దగా నష్టం ఉండదు" అన్నట్టు పేపర్లో చదివాను. లెక్కల్లో మోస్తరు అంటే 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా. 64 మిల్లీమీటర్లు పడితే ఎకరం నేల మీద రెండున్నర లక్షల లీటర్ల పైనే నీళ్లు. ఇది ఊడ్పులప్పుడు పడితే మోస్తరే, దణ్ణం పెట్టుకుంటాం. ఆరబోసిన ధాన్యం మీద పడితే దానికి వేరే పేరుండాలి. తేలికపాటి అన్నదే నన్ను ముంచింది మరి.

ఇక "పొడి వాతావరణం" అన్న మాట. వాన పడదని దాని అర్థం, అంతే. ధాన్యం ఆరుతుందని కాదు. ఈ రోజుల్లో మంచు ఎనిమిదింటి దాకా వదలదు. పది గంటలకి గానీ బరకం మీది చెమ్మ పోదు, నాలుగింటికి మళ్లీ కప్పెయ్యాలి. మాకున్నది రోజుకి ఆరు గంటల ఎండ. మబ్బు పడితే అదీ లేదు. రేపు ఎన్ని గంటలు ఎండ కాస్తుంది, మంచు ఎంత దట్టంగా ఉంటుంది అన్నది మా మండలం వరకైనా చెప్పించండి. కోస్తాలో ఒకటి రెండు చోట్ల అంటే ఆ ఒకటీ మేమా, ఆ రెండూ మేమా అని ఎన్నాళ్లు టెన్షన్ పడాలి?

నేను అడిగేది పెద్దదేం కాదు. పసుపు రంగు హెచ్చరిక మా ఫోన్లకి వచ్చిన రోజే మీ గోడౌన్లకీ రావాలి. అది చూసి సంచులు కదలాలి. నాలుగో రోజు వాన ఉందంటే రెండో రోజుకి సంచులు, లారీ కళ్లంలో ఉండాలి. లేదంటే నాలుగు రోజుల ముందు చెప్పినా, నలభై రోజుల ముందు చెప్పినా మాకు ఒకటే. సంచులు పంపండి సార్. సమీక్ష తర్వాత పెట్టుకోవచ్చు, ముందు సంచులు పంపండి.

ఈ ఏడాదీ మూడెకరాలే, అదే కాలవ గట్టు. నిన్న కోయించాను. తేమ 21 ఉంది. హాయ్ పెట్టాను, స్లాట్ వచ్చింది. సంచులు రేపు వస్తాయన్నారు. సముద్రంలో ఆవర్తనం ఉంది. లెక్కేసుకుంటే నాకు ఇవాళతో కలిపి మూడు రోజులుంది.

ఇంక ఆపుతాను. పదైంది, మంచు వదిలింది, ధాన్యం తిరగెయ్యాలి.

ఇట్లు,
డెల్టాలో ఒక కౌలు రైతు